టైటర్ 6.2 వచ్చింది, "నాన్ రియాక్టివ్" అని రాశారు. మూడు డోసులూ వృథాయేనా?

నైట్‌డ్యూటీ_నర్సు
నర్సింగు చదివేటప్పుడు హెపటైటిస్ బి (రక్తం ద్వారా అంటుకునే లివర్ జబ్బు) టీకా మూడు డోసులూ తేదీ తప్పకుండా వేయించుకున్నాను. మొదటిది వేశాక నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. కార్డు ఇప్పటికీ దాచుకున్నాను. ఆ తర్వాత ఈ ఏడేళ్లలో టైటర్ (రక్తంలో టీకా యాంటీబాడీ ఎంతుందో చెప్పే అంకె) చూపించుకోమని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. ఇప్పుడు డయాలసిస్ వార్డుకి మార్చారు. చేరేముందు యాంటీ హెచ్‌బీఎస్ రిపోర్టు తెమ్మన్నారు. చేయిస్తే 6.2 వచ్చింది, పక్కన ఎర్ర అక్షరాల్లో "నాన్ రియాక్టివ్" అని. మా ఇన్‌ఛార్జి చూసి "నీకు రక్షణే లేదమ్మా, మళ్లీ మొదట్నుంచి మూడూ వేయించుకో" అంది. నాతో పనిచేసే అమ్మాయేమో "నాన్ రియాక్టివ్ అంటే మంచిదే కదక్కా, ఎందుకంత కంగారు" అంటోంది. ఎవరి మాట నమ్మాలి? ఏడేళ్లుగా రోజంతా సూదులతోనే నా పని. ఇన్నాళ్లూ ఏ రక్షణా లేకుండానే తిరిగానా అని రాత్రంతా నిద్ర లేదు.

మబ్బుతునక
నాన్ రియాక్టివ్ అంటే నెగటివ్. నెగటివ్ అంటే జబ్బు లేనట్టే. నిశ్చింతగా ఉండండి.

ల్యాబ్_మాస్టారు
మబ్బుతునక గారూ, ఒక్క నిమిషం. సరిగ్గా ఇక్కడే చాలామంది పొరబడతారు.

హెచ్‌బీఎస్ఏజీ ఒక పరీక్ష, యాంటీ హెచ్‌బీఎస్ ఇంకో పరీక్ష. మొదటిది వైరస్ పైపొరలో ఉండే ప్రోటీను కోసం వెతుకుతుంది. అది దొరికిందంటే వైరస్ ఒంట్లో ఉన్నట్టు. అందుకే అక్కడ నాన్ రియాక్టివ్ వస్తే సంతోషించాలి. రెండోది ఆ పైపొర మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని కొలుస్తుంది. అక్కడ నాన్ రియాక్టివ్ అంటే యాంటీబాడీ గీత కింద ఉందని. ఆ గీత మిల్లీలీటరుకి 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు. పేర్లలో తేడా "యాంటీ" అన్న రెండక్షరాలే గానీ, రిపోర్టు అర్థం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది.

నర్సమ్మా, మీ జూనియర్ చెప్పింది హెచ్‌బీఎస్ఏజీకి సరిపోయే మాట. మీ ఇన్‌ఛార్జి చెప్పిందీ పూర్తిగా సరికాదు. మూడో డోసుకీ ఈ రక్తం తీసినదానికీ మధ్య ఎంత కాలం గడిచింది? ఏడేళ్లేనా?

నైట్‌డ్యూటీ_నర్సు
ఏడేళ్లూ రెండు నెలలు మాస్టారూ.

పాతకాపు
అయితే ఆ 6.2 చూసి ఇంత బాధ అక్కర్లేదు. టీకా వేశాక యాంటీబాడీ పైకి లేస్తుంది, తర్వాత ఏడాదికేడాది జారుతుంది. అది అందరిలోనూ జరిగేదే. కింద పడింది రక్తంలో తిరిగే యాంటీబాడీ. దాన్ని తయారుచేసే పద్ధతి గుర్తుపెట్టుకున్న మెమరీ కణాలు లోపల అలాగే ఉంటాయి. పైగా ఈ వైరస్ ఒంట్లో దూరాక జబ్బుగా బయటపడడానికి 60 నుంచి 150 రోజులు తీసుకుంటుంది. ఆలోపు మెమరీ కణాలు మేల్కొని కావలసినంత యాంటీబాడీ పోస్తాయి. టీకాకి మొదట్లో బాగా స్పందించినవాళ్లలో 30 ఏళ్ల తర్వాత కూడా రక్షణ ఉన్నట్టు తేలింది. నన్నడిగితే ఈ టైటర్ల పిచ్చే అనవసరం. మంచి టీకా మీద జనానికి లేని అనుమానం పుట్టిస్తుంది.

సూదిమొన
పాతకాపు గారు చెప్పిన సైన్సు నిజమే, చివరి రెండు వాక్యాలతోనే నాకు పేచీ. "మొదట్లో బాగా స్పందించినవాళ్లు" అని మీరే అన్నారు కదా. ఈవిడ మొదట్లో స్పందించిందని ఎవరు చూశారు? మూడో డోసు అయ్యాక కొలిస్తే కదా తెలిసేది!

నా సంగతి చెప్తాను. నాలుగేళ్ల కిందట ఐసీయూలో రక్తం తీసి సూది పారేస్తుంటే, చేతి తొడుగు చీల్చుకుని చూపుడువేలి పక్కన దిగింది. నీళ్లతో, సబ్బుతో కడుగుతుంటే చేతులు వణికాయి. ఆ పేషెంటుకి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్, హెచ్‌బీఈఏజీ కూడా పాజిటివ్, అంటే వైరస్ బాగా పెరుగుతున్న రక్తం. టీకా లేని మనిషికి అలాంటి సూది గుచ్చుకుంటే వందలో 37 నుంచి 62 మందికి అంటుకోవచ్చు. హెచ్‌ఐవీకి అయితే వెయ్యిలో ముగ్గురు. దీని వేగం ఏంటో ఆ పోలికలోనే ఉంది.

నా ఫైల్లో మూడో డోసు తర్వాత ఆరు వారాలకి చేసిన టైటర్ ఉంది, 140. డ్యూటీ డాక్టరు ఆ కాగితం చూసి "నీకు హెపటైటిస్ బి విషయంలో ఏమీ చేయక్కర్లేదు, పో" అన్నారు. అదే నెలలో ఇంకో బ్లాకులో ఒకబ్బాయికి అచ్చంగా అలాగే గుచ్చుకుంది. టీకా వేయించుకున్నాడు, కానీ టైటర్ ఎప్పుడూ చూపించుకోలేదు. అప్పటికప్పుడు రక్తం తీస్తే 10 లోపు వచ్చింది. ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రెడీమేడ్ యాంటీబాడీ) ఇంజెక్షను, మళ్లీ టీకా, ఆరు నెలల దాకా పరీక్షలు. ఆ ఆర్నెల్లూ వాడు ఇంట్లో పిల్లని ఎత్తుకోవడానికి కూడా భయపడ్డాడు. ఎత్తుకుంటే అంటుకోదని ఎంత చెప్పినా వినలేదు. ఒక్క కాగితం లేకపోవడం వల్ల వచ్చిన కష్టం అది.

పాతకాపు
సూదిమొన, ఆ మాట ఒప్పుకుంటాను. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకి డోసులు అయిన నెల, రెండు నెలల్లో టైటర్ ఉండి తీరాలి. నేనన్నది మామూలు జనం గురించి. పసితనంలో టీకా పడి, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే పాతికేళ్ల కుర్రాడు టైటర్ చేయించుకుని 4 వచ్చిందని ఏడవడం అనవసరం.

తెల్లకోటు
మీ ఇద్దరి మాటా కలిపితే అసలు సమాధానం వచ్చేసింది. నెల రోజులకి 6.2 వస్తే "స్పందించలేదు" అని అర్థం. ఏడేళ్లకి 6.2 వస్తే అది రెండిట్లో ఏదైనా కావచ్చు. అప్పట్లో 500 వచ్చి జారి ఉండొచ్చు, అసలెప్పుడూ 10 దాటకపోయి ఉండొచ్చు. ఆ కాగితం చూసి ఎవరూ తేల్చలేరు.

తేల్చే దారి ఉంది. నర్సు గారూ, ఒకే ఒక్క డోసు వేయించుకోండి. నెల నుంచి రెండు నెలల మధ్య మళ్లీ టైటర్ చూపించుకోండి. మెమరీ ఉంటే ఒక్క డోసుకే టైటర్ దూసుకెళ్తుంది, అక్కడితో కథ ముగిసింది. లేకపోతే మిగతా రెండు డోసులు కూడా పూర్తిచేసి, మళ్లీ నెలకి చూడాలి. అంటే మీ ఇన్‌ఛార్జి చెప్పిన మూడూ అవసరం రావచ్చు, కానీ మొదటిదాని తర్వాత ఆగి చూడాలి. రక్తం తీసేటప్పుడు హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ కూడా కలిపి అడగండి.

మబ్బుతునక
నర్సక్కా, పైన తప్పు చెప్పాను, క్షమించండి. ఈ యాంటీ హెచ్‌బీసీ అనేది మళ్లీ ఏంటి డాక్టరుగారూ? ఎస్, సి, ఈ... బడిలో అక్షరాలు దిద్దుతున్నట్టుంది.

తెల్లకోటు
దిద్దితే పోయేదేం లేదు, వస్తాయి. ఎస్ అంటే పైపొర, సి అంటే లోపలి గుజ్జు. టీకాలో ఉండేది పైపొర ప్రోటీను ఒక్కటే. అందుకని టీకా వల్ల పుట్టేది యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే. లోపలి గుజ్జు మీద యాంటీబాడీ, అంటే యాంటీ హెచ్‌బీసీ, నిజం వైరస్ ఒంట్లోకి వచ్చినవాళ్లకే పుడుతుంది. కాబట్టి యాంటీ హెచ్‌బీఎస్ ఒక్కటే ఉంటే టీకా రక్షణ. రెండూ ఉండి హెచ్‌బీఎస్ఏజీ లేకపోతే ఎప్పుడో జబ్బు వచ్చి తగ్గింది. హెచ్‌బీఎస్ఏజీ ఉండి అది ఆరు నెలలు దాటినా పోకపోతే దీర్ఘకాలిక హెపటైటిస్. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2023లో 18 ఏళ్లు దాటిన ప్రతివాళ్లూ జీవితంలో ఒక్కసారైనా ఈ మూడూ కలిపి చేయించుకోవాలని చెప్పింది ఇందుకే. ఏ ఒక్కటి విడిగా చూసినా సగం కథే.

రెండుజడలు
నాది విడ్డూరం. మూడు డోసులు అయ్యాక నెలన్నరకి 3 వచ్చింది. డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న "ఎక్కడ వేశారు?" అని. నేను క్లినిక్ పేరు చెప్పబోయాను. "ఊరు కాదమ్మా, ఒంట్లో ఎక్కడ?" అంది. తుంటికి వేశారని చెప్పాను. మళ్లీ మూడు డోసులు భుజానికి వేయించింది. 220.

సూదిమొన
పెద్దవాళ్లకి ఈ టీకా భుజం కండలోనే పడాలి. తుంటి దగ్గర కొవ్వు మందం ఎక్కువ. సూది కండ దాకా చేరదు, మందు కొవ్వులోనే ఉండిపోతుంది, స్పందన పడిపోతుంది. 1980ల్లోనే బయటపడ్డ సంగతి ఇది. ఒళ్లున్న మనిషికి భుజానికి వేసినా పొడుగు సూదే వాడాలి. ఇంకా ఇలా జరుగుతోందంటే ఒళ్లు మండుతుంది.

జామచెట్టు
భుజానికే వేసినా రానివాళ్లు ఉంటారా?

పాతకాపు
ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలోనే వందకి 5 నుంచి 10 మంది దాకా మొదటి మూడు డోసులకి 10 దాటరు. 40 ఏళ్లు పైబడ్డవాళ్లు, సిగరెట్టు తాగేవాళ్లు, స్థూలకాయులు, షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీ పాడైనవాళ్లు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్లే. అందులో వాళ్ల తప్పేం లేదు. రెండో విడత మూడు డోసులు వేస్తే వాళ్లలో చాలామంది గీత దాటుతారు.

వానచినుకు
మా ఆవిడ టైటర్ రెండుసార్లు 10 లోపే వచ్చింది. రెండో విడత మొదలుపెట్టబోతుంటే ల్యాబ్ కుర్రాడు "జుట్టుకి ఏమైనా మాత్రలు వాడుతున్నారా" అని అడిగాడు. ఏడాదిగా వాడుతోంది, రోజుకి 10 మిల్లీగ్రాముల బయోటిన్ అనే విటమిన్. వారం రోజులు మానేసి మళ్లీ ఇస్తే 58! జుట్టు మాత్రకీ టైటర్‌కీ లంకె ఏంటో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ల్యాబ్_మాస్టారు
ఆ కుర్రాడికి చేతులెత్తి దండం పెట్టాలి. అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

లంకె అర్థం కావాలంటే టెస్టు లోపల ఏం జరుగుతుందో చూడాలి. పాత ఎలైజా ప్లేటు తీసుకోండి. 96 చిన్న గుంటలు. ప్రతి గుంట అడుగునా హెచ్‌బీఎస్ఏజీ అంటించి ఉంటుంది. అందులో మీ సీరం, అంటే రక్తం నుంచి వేరుచేసిన పసుపు ద్రవం, పోస్తాం. మీ యాంటీబాడీకి రెండు చేతులున్నాయనుకోండి, ఒక చేత్తో అడుగున ఉన్న యాంటిజెన్‌ని, అంటే ఆ పైపొర ప్రోటీనుని, పట్టుకుంటుంది. కడిగేసి, ఎంజైము తగిలించిన ఇంకో హెచ్‌బీఎస్ఏజీ పోస్తాం. రెండో చేత్తో దాన్ని పట్టుకుంటుంది. మళ్లీ కడిగి రంగు మందు వేస్తే, యాంటీబాడీ ఉన్న గుంటలు నీలం తిరుగుతాయి. ఆమ్లం చుక్క వేయగానే పసుపు. ఎంత చిక్కటి పసుపైతే అంత టైటర్. పక్కనే తెలిసిన విలువలున్న సీరాలు కూడా నడుపుతాం, వాటితో పోల్చి అంకె రాస్తాం.

ఇప్పుడొచ్చే యంత్రాల్లో రంగు బదులు వెలుగు కొలుస్తారు. కొన్ని కిట్లలో ఈ మొత్తం గొలుసుని గిన్నెకి అంటించడానికి ఒకదానికొకటి గట్టిగా అతుక్కునే బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే జంటని వాడతారు. రక్తంలో బయట నుంచి వచ్చిన బయోటిన్ నిండిపోయి ఉంటే అదే ముందు వెళ్లి ఆ చోటు ఆక్రమిస్తుంది. గొలుసు అతుక్కోదు, కడిగేటప్పుడు కొట్టుకుపోతుంది. ఒంట్లో యాంటీబాడీ ఉంటుంది, యంత్రానికి కనపడదు. మనిషికి రోజుకి కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. 10 మిల్లీగ్రాములంటే దానికి 300 రెట్లకి పైనే. అన్ని కిట్లకీ ఈ ఇబ్బంది లేదు. కానీ మాత్రలు వాడేవాళ్లు రక్తం ఇచ్చేముందు చెప్పాలి.

ఇంకో మాట. 9.4, 10.8 లాంటివి వస్తే దాన్ని రాతిమీద గీతలా చూడకండి. అదే సీరం నేను పొద్దున నడిపితే 9.4, సాయంత్రం నడిపితే 10.8 రావచ్చు. ఒక కంపెనీ కిట్టులో 12, ఇంకో కంపెనీ కిట్టులో 8 కూడా రావచ్చు. గీత దగ్గర ఉన్నవాటిని రెండోసారి నడపకుండా నేను బయటికి పంపను. ఆ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు రాత్రంతా మేలుకుంటారు, ఈ నర్సమ్మలాగే.

నైట్‌డ్యూటీ_నర్సు
మాస్టారూ, చివరి వాక్యం చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా ల్యాబ్‌లో మీలాంటివాళ్లు ఉంటే బాగుండు.

చరిత్ర_పిచ్చి
రెండు చేతుల కథ చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేను. ఈ జబ్బు కథ మొదలైందే యాంటీబాడీతో. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ బృందం దేశదేశాల నుంచి తెచ్చిన సీరాల్ని జెల్ మీద ఒకదానికెదురుగా ఒకటి పెట్టి చూస్తోంది. చాలాసార్లు రక్తం ఎక్కించుకున్న ఒక హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగి సీరానికీ, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరానికీ మధ్య సన్నటి తెల్ల గీత పడింది. అంటే ఒకదాంట్లో ఉన్నది రెండోదాంట్లో ఉన్నదాన్ని పట్టుకుంది. ఆదివాసి సీరంలో దొరికింది కాబట్టే దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు. 1965లో ఆ సంగతి ప్రచురించారు. తర్వాత అదే హెచ్‌బీఎస్ఏజీ అని తేలింది. మరి ఆ హీమోఫీలియా రోగి సీరంలో ఉన్నదేంటి? మనం ఇవాళ కొలుస్తున్న యాంటీ హెచ్‌బీఎస్సే! 1976లో బ్లూంబర్గ్‌కి నోబెల్ వచ్చింది, 1981లో మొదటి టీకాకి అనుమతి, 1986లో ఈస్టుతో తయారుచేసిన టీకా.

పాలపిట్ట
నేను అమ్మని. నాకు హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్. పాప పుట్టిన 12 గంటల్లోపే టీకా, ఇమ్యూనోగ్లోబ్యులిన్ రెండూ వేశారు. ఐదో నెలలో ఆగలేక ఒక ల్యాబ్‌కి తీసుకెళ్లి అన్ని టెస్టులూ చేయించాను. యాంటీ హెచ్‌బీఎస్ బాగా ఉంది, కానీ యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్. పైన డాక్టరుగారు చెప్పినట్టు అది నిజం వైరస్ వస్తేనే వస్తుందని అక్కడివాళ్లూ చెప్పారు. పాపకి అంటించేశానని ఆ రోజు ఎంత ఏడ్చానో నాకే తెలుసు. తర్వాత పిల్లల డాక్టరు కూర్చోబెట్టి చెప్పారు, అది నా యాంటీబాడీయే, కడుపులో ఉన్నప్పుడు పాపకి వెళ్లిందని. ఇంకెవరూ నాలా ఏడవకూడదని రాస్తున్నా.

తెల్లకోటు
పాలపిట్ట అమ్మా, మంచి పని చేశారు రాసి. పైన నేను చెప్పిన సూత్రం పసిపిల్లలకి వర్తించదు, ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. తల్లి నుంచి వచ్చిన యాంటీ హెచ్‌బీసీ రెండేళ్ల దాకా పిల్లల రక్తంలో కనిపించవచ్చు. అందుకే వాళ్లకి ఆ పరీక్ష చేయరు. మీరు సంతోషించిన యాంటీ హెచ్‌బీఎస్‌లో కూడా కొంత పుట్టినప్పుడు వేసిన ఇమ్యూనోగ్లోబ్యులిన్‌దే అయి ఉండొచ్చు. అది అరువు తెచ్చుకున్న యాంటీబాడీ, కొన్ని నెలల్లో కరిగిపోతుంది. అందుకే టీకాలన్నీ పూర్తయ్యాక, 9 నుంచి 12 నెలల మధ్య చూడమంటారు, హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీఎస్ రెండే. ఈ పిల్లల విషయంలో ఆ పరీక్ష మరిచిపోకూడదు. పుట్టినప్పుడు అంటుకుంటే పదిమందిలో తొమ్మిదిమందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దవాళ్లలో అయితే వందకి ఐదుగురిలోపే.

పాలపిట్ట
పదో నెలలో చేయించాం. హెచ్‌బీఎస్ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీఎస్ 1000 పైన. ఆ కాగితం బీరువాలో బంగారం పక్కన పెట్టుకున్నా.

సూదిమొన
బంగారం కన్నా విలువైంది అదే పాలపిట్టా.

మబ్బుతునక
1000 అంటే 100 వచ్చినవాళ్ల కన్నా పదింతలు ఎక్కువ రక్షణా?

పాతకాపు
కాదు. మొదటి విడత అయిన నెలకి 10 దాటినవాళ్లంతా రక్షణ ఉన్నవాళ్లే. ఎక్కువ పైకి లేస్తే 10 కిందికి జారడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది, అంతే. అయితే ఈ గీత విషయంలో దేశాలు ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లో వైద్య సిబ్బందికి 100 రావాలంటారు. 10కీ 100కీ మధ్య వస్తే ఇంకో డోసు వేస్తారు. అమెరికాలో 10 చాలంటారు.

సూదిమొన
నాకు బ్రిటన్ పద్ధతే నచ్చుతుంది. మాస్టారు చెప్పినట్టు గీత దగ్గర కిట్లు తడబడుతున్నప్పుడు 11 వచ్చిన మనిషిని నమ్మకంగా వార్డులోకి పంపలేం.

పాతకాపు
11 వచ్చింది నిజంగా 11 అయితే ఆ మనిషి సురక్షితమే కదా. రెండోసారి టెస్టు చేస్తే పోయేదానికి డోసు ఎందుకు?

సూదిమొన
ఒక్క డోసుతో భయం పోతుంటే వేయడానికేం? ఇక్కడ మీకూ నాకూ కుదరదు లెండి.

కిడ్నీ_ప్రయాణం
నేను అవతలి మంచం మీద ఉండే మనిషిని. మూడేళ్లుగా డయాలసిస్. మాకు మామూలు డోసు సరిపోదని ఎక్కువ మోతాదు వేశారు. మొదటి టైటర్ 85. ఏడాదికి 22. ఆ తర్వాతి ఏడాది 7. వెంటనే బూస్టర్ వేశారు. పాతకాపు గారు చెప్పిన మెమరీ మాట మాకు నమ్మకంగా చెప్పలేరట, అందుకే ఏటా కొలుస్తారు, 10 కిందికి పడితే డోసు. మా యూనిట్‌లో హెచ్‌బీఎస్ఏజీ ఉన్నవాళ్లకి గది వేరు, మెషీను వేరు. ఈ వైరస్ ఎండిన రక్తపు మరక మీద కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుందని తెలిశాక కుర్చీ చెయ్యి తుడిచే ఆయమ్మని కూడా గౌరవంగా చూస్తున్నాను. నర్సు చెల్లెమ్మా, నువ్వు టైటర్ చూపించుకుని మా దగ్గరికి వస్తే అది నీకే కాదు, మాకూ రక్షణే.

నైట్‌డ్యూటీ_నర్సు
అన్నయ్యా, ఈ కోణంలో నేను ఆలోచించనే లేదు. రేపే డోసు వేయించుకుంటున్నా. హెచ్‌బీఎస్ఏజీకి కూడా రేపే రక్తం ఇచ్చేస్తా.

ల్యాబ్_మాస్టారు
ఆగమ్మా, ముందు రక్తం, తర్వాత డోసు! టీకాలో ఉన్నది హెచ్‌బీఎస్ఏజీయే. వేసిన కొన్నాళ్లు అదే రక్తంలో తిరుగుతుంది, 18 రోజుల దాకా కనపడ్డ సందర్భాలున్నాయి. డోసు వేసిన మూడో రోజు రక్తదానం చేయబోయి, పాజిటివ్ అని చెప్పించుకుని కుప్పకూలిన ఒక కుర్రాణ్ని చూశాను. నెల తర్వాత చేస్తే నెగటివ్.

జామచెట్టు
నేను పైన ఎందుకు అడిగానో ఇప్పుడు చెప్తాను. మా తమ్ముడు ల్యాబ్ టెక్నీషియన్. మొదటి విడత మూడు, 10 లోపే. రెండో విడత మూడు, మళ్లీ 10 లోపే. "నీ ఒళ్లు టీకాకి స్పందించదు" అని చెప్పి వదిలేశారు. రెండేళ్ల తర్వాత ఇంకో డాక్టరు హెచ్‌బీఎస్ఏజీ రాయించారు. పాజిటివ్. యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్. బహుశా చిన్నప్పటి నుంచీ ఉంది. ఆరు డోసులు వేశారు గానీ ఒక్కసారి ఆ పరీక్ష ఎవరికీ తోచలేదు. ఇప్పుడు మందు వాడుతున్నాడు, లివర్ బాగానే ఉంది. కానీ ఆ రెండేళ్లు ఎవరిస్తారు?

తెల్లకోటు
ఎవరూ ఇవ్వలేరు. ఆరు డోసులకీ టైటర్ పైకి లేవని ప్రతి మనిషికీ హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ చూసి తీరాలి. అవి రెండూ నెగటివ్ అయితేనే "స్పందించని మనిషి" అనాలి. అలా నిజంగా స్పందించనివాళ్లకీ దారి మూసుకుపోలేదు. హెచ్‌బీఎస్ఏజీ ఉన్నవాళ్ల సూది గుచ్చుకుంటే వీలైనంత త్వరగా, 24 గంటల్లోపే ఇమ్యూనోగ్లోబ్యులిన్, నెలకి రెండోది. 2017లో అమెరికాలో అనుమతి పొందిన హెప్లిసావ్ బి అని ఒక టీకా ఉంది, నెల తేడాతో రెండే డోసులు. దాంట్లో కలిపిన సహాయక పదార్థం వేరు. పాతవాటికి లేవనివాళ్లలో కొందరు దానికి లేస్తున్నారు. మీ తమ్ముడితో కలిసి పెరిగినవాళ్లు, అమ్మగారు, మీరు అందరూ చూపించుకున్నారా?

జామచెట్టు
నేను చూపించుకున్నా, టీకా వేయించుకున్నా. అమ్మకి ఈ వారం తీసుకెళ్తున్నాను.

వానచినుకు
మా పెద్దనాన్నది ఒక అనుమానం. ఎప్పుడో కామెర్లు వచ్చి తగ్గాయి. హెచ్‌బీఎస్ఏజీ లేదు, యాంటీ హెచ్‌బీసీ ఉంది, యాంటీ హెచ్‌బీఎస్ 300. ఇప్పుడు లింఫోమా అనే క్యాన్సర్‌కి రిటుక్సిమాబ్ మందు మొదలుపెడుతూ, హెపటైటిస్ బి మందు ఎంటెకావిర్ కూడా రాశారు. 300 రక్షణ ఉంటే ఆ మందు ఎందుకు?

తెల్లకోటు
మానిపించకండి. జబ్బు తగ్గినా వైరస్ డీఎన్‌ఏ లివర్ కణాల కేంద్రకాల్లో నిద్రలో ఉంటుంది. దాన్ని కాపలా కాసేది ఈ రోగనిరోధక వ్యవస్థే. రిటుక్సిమాబ్ యాంటీబాడీలు తయారుచేసే బి కణాల్నే తుడిచేస్తుంది. కాపలా పోతే వైరస్ లేస్తుంది, ప్రాణం మీదికి రావచ్చు. ఆ డాక్టరు ముందే చూశారు. చికిత్స అయిపోయాక కూడా ఎంటెకావిర్ చాలా నెలలు కొనసాగుతుంది, వాళ్లు చెప్పేదాకా ఆపకూడదు.

నైట్‌డ్యూటీ_నర్సు
ఆరు వారాలైంది. మాస్టారు చెప్పినట్టు ముందు రక్తం ఇచ్చి, తర్వాత డోసు వేయించుకున్నాను. హెచ్‌బీఎస్ఏజీ, యాంటీ హెచ్‌బీసీ రెండూ నెగటివ్. ఇవాళ టైటర్ వచ్చింది: 640. ఒక్క డోసుకే! అంటే అప్పట్లో పనిచేసిందన్నమాట, మెమరీ ఉందన్నమాట. రెండు కాగితాలూ టీకా కార్డుకి పిన్ను కొట్టాను, డోసు తేదీ, రక్తం తీసిన తేదీ రెండూ పెన్నుతో రాసి. మా ఇన్‌ఛార్జికి చూపిస్తే వార్డులో మిగతా పదకొండుమందివీ తీయించమంది. ముగ్గురికి అసలు టైటరే లేదు.

కిడ్నీ_ప్రయాణం
శభాష్ చెల్లెమ్మా.

పాతకాపు
640! మెమరీ కణాల తరఫున నాకో దండ వేయండి.

జామచెట్టు
అమ్మకి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్. లివర్ స్కాన్ రాశారు, వైరల్ లోడ్‌కి (రక్తంలో వైరస్ ఎంతుందో చూడడానికి) రక్తం ఇచ్చాం. ఇక్కడ అడగబట్టే తెలిసింది. ఆమెకి డెబ్బై ఏళ్లు, ఇన్నాళ్లూ ఎవరికీ తెలియదు.

తెల్లకోటు
ఇప్పుడైనా తెలిసింది కదా జామచెట్టు గారూ. వైరల్ లోడ్ రాగానే ఇక్కడ పెట్టండి, కూర్చుని చూద్దాం.

కొత్తచిగురు
కొత్తగా చేరాను. నాకు యాంటీ హెచ్‌బీఎస్ 8.1 వచ్చింది, నాన్ రియాక్టివ్ అని రాశారు. భయపడాలా?

మబ్బుతునక
చివరి డోసు ఎప్పుడు వేయించుకున్నారు? రక్తం ఎప్పుడు తీశారు? జుట్టు మాత్రలేమైనా వాడుతున్నారా?